గట్టున పెట్టిన ఒట్టు

మంగళవారం, ఉదయం తొమ్మిదింబావు. అమెరికాలోని చాండ్లర్‌లో మా మనవరాలి బడి ఆఫీసులో, నేనూ నా బిడ్డా నిలబడి ఉన్నాం. గోడ గడియారం చూసి గుర్తు పెట్టుకున్న వేళ ఇది. చేతి గడియారాలను నేను నమ్మను, ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు తిప్పుకుంటారు.

నాకు నమ్మకమైన కాగితం ఒక్కటే తెలుసు. మా ఊళ్ళో రాసే పంచనామా. మొదట వారం, వేళ. మధ్యలో జరిగింది. చివర అక్కడ ఎవరెవరున్నారో వాళ్ళ వరస. అందుకే దీన్నీ అట్లాగే రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. పేరు రాస్తే ఎవరి మెడకు ఏం చుట్టుకుంటుందో ఈ దేశంలో నాకింకా అంతు చిక్కలేదు.

ఆఫీసులో కూర్చున్నామె నవ్వుతూ నా పాస్‌పోర్టు అడిగింది. బడిలోకి పోవడానికి పాస్‌పోర్టెందుకు? దాన్ని ఒక చిన్న మిషను కింద పెట్టింది. మిషను గుర్రుమని పక్క నుంచి చీటీ కక్కింది. చీటీ మీద నా ముఖం. దొంగల ముఖాలు స్టేషన్లో అంటించినట్టు నా ముఖాన్ని నా చీరకే అంటించుకోమన్నది. చీరకు అది అంటలేదు. స్వెటరు మీద అంటించుకున్నాను.

"ఎందుకే ఇది?" అని బిడ్డనడిగాను.

"లోపలికి ఎవరొచ్చిన్రో తెలియాలి గదమ్మా. అందరికీ ఇస్తరు."

"మరి నా ముఖం వాళ్ళ మిషన్ల ఉండిపోదా?"

"ఉంటే ఏమైతది?"

ఏమైతదో తెలిస్తే భయం ఉంటుంది, తెలియకపోతే అనుమానం ఉంటుంది. నాది రెండోది.

అసలు బడి దాకా ఎందుకు రావలసి వచ్చిందో చెప్పాలి. నా మనవరాలికి ఆరేళ్ళు. మూడేళ్ళప్పటి నుంచి మొన్నమొన్నటి దాకా మా ఊళ్ళో నా దగ్గరే పెరిగింది. ఇక్కడ నా బిడ్డకు చిప్పులు చేసే ఫ్యాక్టరీలో పని. చిప్పులంటే ఆలుగడ్డ చిప్పులనుకుని చాలా రోజులు వాడకట్టులో అట్లాగే చెప్పాను. ఆమెకో షిఫ్టు, అల్లుడికో షిఫ్టు. పిల్ల నా దగ్గర పెరిగింది, నా మాటే దానికి వచ్చింది. బడి వయసొచ్చాక దాన్ని తీసుకుని, ఆరు నెలల కోసం నేనూ వచ్చాను.

బడిలో చేర్పించేటప్పుడు ఒక ఫారంలో అడుగుతారట, మీ ఇంట్లో ఏ భాష మాట్లాడతారని. ఇక్కడి తెలుగువాళ్ళందరూ ఒకరికొకరు చెప్పుకునే మాట ఏమిటంటే, అక్కడ ఇంగ్లిష్ అని రాయాలి, తెలుగని రాస్తే పిల్లను వేరే కూర్చోబెడతారు. నా బిడ్డ తెలుగని రాసింది. అబద్ధం రాయడం దానికి చేతకాదు. దాని గురించి ఒక అబద్ధం కాగితమెక్కించింది మాత్రం నేనే. అదీ చెప్తాను.

తెలుగని రాసిన నెలకు బడి నుంచి కాగితం వచ్చింది. ఒక పక్క ఇంగ్లిష్, వెనక పక్క తెలుగు. బిడ్డ ఇంగ్లిష్ పక్క మీద అరనిమిషం చూపు తిప్పి సంతకం గీకి పోయింది. అల్లుడు చూడనే లేదు. తెలుగు పక్క ఆ ఇంట్లో చదివింది నేనొక్కదాన్నే.

నాకు అక్షరాలు వచ్చింది నలభై ఆరేళ్ళకు. అప్పటిదాకా వేలిముద్రే. నా బిడ్డను బడిలో వేసిననాడు పెద్దసారు ఏదో రాసుకుని, ఇక్కడ ముద్ర వెయ్యమ్మా అన్నాడు. వేశాను. నా బిడ్డ పుట్టింది బతుకమ్మ పోయిన వారానికి. కాగితం మీద మాత్రం జూన్‌లో పుట్టింది, అదీ ఏడాది ముందు. బడి తెరిచిన నెలలోనే మా ఊరి పిల్లలందరినీ ఆ సారే పుట్టించాడు, వయసు చాలడానికి. ఆ తప్పు పుట్టినరోజు పాస్‌పోర్టులోకెక్కి, విమానమెక్కి ఇక్కడిదాకా వచ్చింది. ఇప్పటికీ జూన్‌లో ఆఫీసువాళ్ళు కేకు తెస్తారు. నా బిడ్డ నవ్వుతూ కోస్తుంది. ఆ ముద్ర నాదే. చదవకుండా ముద్ర వేస్తే మనిషి పుట్టిన రోజు కూడా మారిపోతుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

అది తెలిశాకే అక్షరాల వెంట పడ్డాను. మధ్యాహ్నం పూట బీడీలు చుట్టే ఆడవాళ్ళం ఏడెనిమిది మందిమి ఒక పంచలో కూర్చునేవాళ్ళం. అంగన్‌వాడీ టీచరమ్మ తన పని అయ్యాక వచ్చి మాకు పలకల మీద రాసిచ్చేది. మేం దిద్ది పక్కన పెట్టి మళ్ళీ ఒళ్ళో చాట, చేతిలో కత్తెర పట్టుకునేవాళ్ళం. ఆమె వెనక నుంచి పలకలు దిద్దుకుంటూ పోయేది. ఒప్పైతే ఒక గీత, తప్పైతే అడ్డంగా రెండు. తలెత్తి చూస్తే ఆకు పాడవుతుంది. అందుకని చెవులతోనే వినేవాళ్ళం. బలపం ఒకసారి గీకితే ఊపిరి వదలడం, రెండుసార్లు గీకితే మళ్ళీ దిద్దడం. ఆ చప్పుడు నా చెవిలోంచి ఇప్పటికీ పోలేదు.

ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని కాబట్టి నేను నిదానంగా చదువుతాను. చదువుకున్నవాళ్ళు మాట మీద నుంచి జారిపోతారు. నేను ప్రతి గుంతలో దిగి లేచి పోతాను. బడివాళ్ళ కాగితాన్ని అట్లాగే చదివాను. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"మీ బిడ్డ వారానికి మూడుసార్లు తరగతి నుండి బయటకు లాగబడుతుంది. చిన్న గుంపులో ఆమె భాష పరీక్షించబడుతుంది. దీని కొరకు స్థానిక సమాజ వనరులు వాడబడతాయి."

బిడ్డ వంటింట్లో ఉంటే పోయి అడిగాను. "వనరులంటే ఏందే?"

"అంటే... మనసొంటి వాళ్ళే అమ్మా. ఈ ఊళ్ళె ఉన్న తెలుగువాళ్ళు బడికి వచ్చి పిల్లలకు సాయం చేస్తరు."

"మనుషులను వాడుతరా?"

"అబ్బ, అమ్మా, నీకు ప్రతిదాంట్ల అనుమానమే. కుక్కర్ చూడు, ఎన్ని విజిళ్ళు వచ్చినయో."

కుక్కర్ వైపు చూశాను. అడగడం అక్కడితో ఆగింది. 'వనరులు' తెలియని మాట కాబట్టి అడిగాను. 'లాగబడుతుంది' తెలిసిన మాట కాబట్టి అడగలేదు. తెలియని మాట మనిషిని ఎప్పుడూ ముంచదు. తెలిసిందే ముంచుతుంది.

నాకు తెలిసిందల్లా, వారానికి మూడుసార్లు ఆరేళ్ళ పిల్లను గదిలోంచి బయటికి గుంజుకుపోయి, ముక్కూముఖం తెలియనివాళ్ళు ఏవేవో అడుగుతారు. ఇంటి సంగతులు రాబట్టడానికి కాకపోతే పిల్లతో ఏం పని? తెల్లారి జడ వేస్తూ దానికి చెప్పాను.

"బిడ్డా, నిన్ను ఎవరన్న క్లాసులకెల్లి బయటికి తోలుకపోతే నోరు తెరువకు. ఏం అడిగినా చెప్పకు."

"బొమ్మలు చూపిస్తేనో?"

"బొమ్మలు చూపిస్తే అస్సలే చెప్పకు. బొమ్మలు చూపించే గుంజుకపోతరు."

"తెలుగుల అడిగితేనో?"

అది నేను అనుకోలేదు. కానీ వనరులున్నారు కదా. "తెలుగుల అడిగేవాళ్ళకు ఇంకా చెప్పకు. ఒట్టెయ్యి."

పిల్ల నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది. ఒట్టు తప్పితే ఎవరి నెత్తి మీద వేశారో వాళ్ళకు ఏమవుతుందో దానికి తెలుసు. ఊళ్ళో ఉన్నప్పుడు నేనే నేర్పాను. మట్టి తినను అని ఒట్టు, గేటు దాటను అని ఒట్టు. ప్రతిదానికీ నా నెత్తే వాడుకున్నాం.

ఈ సంగతి బిడ్డకు చెప్పలేదు.

నెలన్నర పోయింది. ఒకనాడు నా బిడ్డ షిఫ్టు నుంచి వచ్చి కారు దిగకుండా గ్యారేజీలో అట్లాగే కూర్చుంది. నేను తలుపు తీసి చూస్తే చేతిలో ఫోను, ముఖమంతా వాచి ఉంది.

"ఏమైందే?"

"బడికెల్లి మెయిల్ వచ్చిందమ్మా. అది ఒక్క మాట గూడ మాట్లాడుత లేదట. ఇంగ్లిష్‌ల అడిగితే మాట్లాడలె. తెలుగు ఆంటీని తెచ్చి తెలుగుల అడిగించినా మాట్లాడలె. ఇంగ్లిష్ రాకపోతే నేర్పుతరు. రెండు భాషల్ల మాట లేకపోతే ఎదుగుదలలనే లోపం అనుకుంటరు. వేరే క్లాసుకు పంపాల్నా అని మీటింగ్ పెట్టిన్రు. మంగళవారం."

"ఇంట్ల దాని నోరు మూయించలేక చస్తున్నం గద?"

"నువ్వు నేను అంటే నమ్ముతరా? వాళ్ళు విన్నది వాళ్ళు రాస్తరు."

అల్లుడు సాయంత్రం అన్నాడు, "ఫారంల ఇంగ్లిష్ అని రాయమని మొత్తుకున్న. ఇన్నవా?" నా బిడ్డ గిన్నెలు కడిగింది, కడిగినవే మళ్ళీ కడిగింది.

నాకప్పుడు ఏమీ అర్థం కాలేదని రాస్తే ఈ పంచనామా అబద్ధమవుతుంది. సగం అర్థమైంది. ఆ సగాన్ని అనుమానంతో కప్పేశాను. పిల్ల ఎప్పటికప్పుడు మరచిపోయే రకం, నెలన్నర ఒట్టు నిలబెట్టుకుంటుందా? తప్పంతా ఆ తెలుగు ఆంటీది అయి ఉంటుంది. ఏం అడిగిందో, ఎట్లా అడిగిందో.

"ఆమెదేవూరు?" అని అడిగాను.

"గుంటూరు దిక్కంట."

"గదీ సంగతి," అన్నాను. ఏం సంగతో నాకూ తెలియదు.

మంగళవారం నేను కూడా వస్తానన్నాను. బిడ్డ వద్దన్నది. "అక్కడ నీకేం అర్థమైతదమ్మా?" అన్నది. అర్థం కాని చోటే మనిషి కళ్ళు తెరుచుకుని కూర్చోవాలని చెప్పి చెప్పులేసుకున్నాను.

అట్లా తొమ్మిదింబావుకు ఆఫీసులో నా ముఖం నేను అంటించుకున్నాను. తొమ్మిదిన్నరకు మమ్మల్ని ఒక చిన్న గదిలో కూర్చోబెట్టారు. కిటికీలోంచి ఎండా, దూరంగా బోడి గుట్టలూ. ఒక బల్ల చుట్టూ చిన్నపిల్లల కుర్చీలు. నా మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. మనల్ని తక్కువ చేసి కూర్చోబెట్టడానికే ఇట్లాంటి కుర్చీలు వేస్తారనిపించింది.

పిల్ల తరగతి టీచరు వచ్చింది. బక్కపలచటి అమ్మాయి, వచ్చినప్పటి నుంచి నవ్వుతూనే ఉంది. ఆమె వెనక మాటలు పరీక్షించే ఆమె. పొడుగు మనిషి, కళ్ళద్దాలు తాడుతో మెడకు వేలాడుతున్నాయి, నవ్వలేదు. ఆ తర్వాత తెలుగు ఆంటీ. నలభై దాటి ఉంటాయి, చుడిదారు, చేతిలో బొమ్మల కార్డుల డబ్బా.

"నమస్కారం అండీ. ప్రయాణం బాగా జరిగిందా? చలిగా ఉందా మీకు?" అంది నన్ను చూసి.

ఇంత మర్యాద ఎందుకా అనుకుని, "ఎండల చలేంది?" అన్నాను.

తరగతి టీచరు మాట్లాడడం మొదలుపెట్టింది. చాలా సేపు మాట్లాడింది. ఆమె ఆపాక నా బిడ్డ నా చెవిలో, "పిల్ల మంచిదేనంట" అన్నది.

"గంత సేపు మాట్లాడితే ఇంతేనా? కడమది యాడికి పోయింది?"

"అమ్మా, ఉండు."

మళ్ళీ మాట్లాడుకున్నారు. ఈసారి నా బిడ్డ గొంతు సన్నబడింది. బల్ల మీద కాగితం ఒకటి జరిపారు. దాని నిండా గళ్ళు, గళ్ళలో ఏమీ లేదు. తప్పు గుర్తు కూడా లేదు. ఖాళీ. తప్పు రాసిన పలకనైనా మళ్ళీ దిద్దవచ్చు. ఏమీ రాయని పలకను చూసి మా టీచరమ్మ కూడా ఏమీ చెయ్యలేకపోయేది.

నా బిడ్డ ఏదో బతిమాలింది. పొడుగామె ఆలోచించి తల ఊపింది. పిల్లను ఇక్కడికే తెస్తారట. వాళ్ళమ్మ ముందు, నా ముందు ఇంకొకసారి బొమ్మలు చూపిస్తారట. అయితే ఒక షరతు. ఆంటీ ఇబ్బందిగా నవ్వి నాతో చెప్పింది.

"అమ్మా, మీరేమీ అనుకోకండి. మీరు కాస్త గోడవైపు తిరిగి కూర్చోవాలిటండీ. మీ ముఖం చూసి పాప చెప్పేస్తుందేమోనని..."

"నేను అందిస్తనని అనుమానమా?"

"అంటే... అదేనండి."

నేను పొడుగామె వైపు చూశాను. ఆమె కళ్ళు తిప్పుకోలేదు. ఆ గదిలో నాకు మొట్టమొదట నచ్చిన మనిషి ఆమె. అనుమానించేవాళ్ళు పని సరిగ్గా చేస్తారు. కుర్చీ ఎత్తి గోడవైపు తిప్పుకున్నాను.

పిల్ల వచ్చిన అడుగుల చప్పుడు వినిపించింది. "అమ్మమ్మా!" అన్నది. అంతే. ఆ తర్వాత తలుపు మూసుకుంది.

ఆంటీ గొంతు, తియ్యగా: "బంగారం, ఇదేంటి చెప్పు?"

ఏమీ లేదు.

కార్డు తిప్పిన చప్పుడు. "పోనీ ఇది?"

ఏమీ లేదు. కలం చప్పుడు కూడా లేదు. నా బిడ్డ ఊపిరి నాకు వినిపిస్తోంది.

"ఇది నీకు తెలుసమ్మా, నీకు బాగా తెలుసు," అన్నది నా బిడ్డ. పొడుగామె ఆమెను ఆపింది.

మూడో కార్డు. నాలుగో కార్డు. నాకు గోడ మీద పిల్లలు గీసిన సూర్యుడి బొమ్మ కనిపిస్తోంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను. నేను కప్పిపెట్టిన సగం లేచి కూర్చుంది. ఇది ఆంటీ తప్పు కాదు, గుంటూరు తప్పు కాదు. అక్కడ ఆరేళ్ళ పిల్ల పెదవులు బిగబట్టుకుని నా ప్రాణం కాపాడుతోంది.

నోరు విప్పితే నా బిడ్డ ముందు నా పరువు పోతుంది. విప్పకపోతే ఆ గళ్ళు అట్లాగే ఖాళీగా ఉంటాయి, పిల్లను వేరే గదికి పంపుతారు, ఆ కాగితం దాని వెనకే పెద్దవుతుంది. ఒకసారి ఒక బడిలో కాగితం మీద ముద్ర వేసి ఒకరి పుట్టుకే మార్చాను. ఇది రెండోసారి.

గోడవైపే తిరిగి ఉండి గట్టిగా అన్నాను. "బిడ్డా, ఒట్టు తీసెయ్యి. చెప్పు."

గదిలో అందరూ ఒక్కసారి కదిలారు. పొడుగామె ఏదో కటువుగా అన్నది.

"అమ్మా, మీరు మాట్లాడకూడదండీ," అంది ఆంటీ.

"జవాబు చెప్తలేను. నేనే దానికి నోరు తెరువద్దని చెప్పిన. నా నెత్తి మీద ఒట్టు పెట్టించుకున్న. గీ మాట ఆమెకు చెప్పు."

"అమ్మా, నువ్వా?" అన్నది నా బిడ్డ. అట్లా అన్న గొంతు నేను అంతకుముందు వినలేదు, మళ్ళీ వినాలనీ లేదు.

"నేనే. బయటికి లాగబడుతుందని రాసిన్రు గద. గుంజుకపోతరేమో అనుకున్న."

అప్పుడు పిల్ల గొంతు వచ్చింది. "అమ్మమ్మా, తీసేస్తే నీకేం కాదా?"

"ఏం కాదు. ఒట్టు తీసి గట్టు మీద పెట్టు."

"గట్టు ఏది?"

చాండ్లర్‌లో గట్టు ఎక్కడుంది? నేను తలుచుకునే లోపలే ఆంటీ అన్నది, "అదిగో తల్లీ, కిటికీ గట్టు. అక్కడ పెట్టెయ్."

నేను తిరిగి చూశాను. ఎవరూ వద్దనలేదు. పిల్ల నా దగ్గరికి వచ్చి, నా నెత్తి మీద నుంచి ఏదో పిడికిట్లోకి తీసుకుంది. కింద పడకుండా రెండో చెయ్యి అడ్డం పెట్టుకుని నడిచిపోయి, కిటికీ గట్టు మీద పిడికిలి విప్పింది. అరచేతులు దులుపుకుంది. పొడుగామె కళ్ళద్దాలు పెట్టుకుని కిటికీ వైపు చూసింది, అక్కడ నిజంగా ఏమైనా ఉందా అని.

ఆంటీ ఆమెకు ఇంగ్లిష్‌లో చెప్పడానికి చాలా తంటాలు పడింది. గుంటూరులో కూడా ఒట్టు తీసి గట్టునే పెడతారని అప్పుడే నాకు తెలిసింది. గట్టు అనే చోట ఆమెకు మాట దొరకలేదు. చేతులతో పొలం గీసింది, మడి గీసింది, చివరికి బల్ల అంచు మీద తట్టింది.

పొడుగామె నా వైపు వేలు చూపించి మళ్ళీ గోడ చూపించింది. అర్థమైంది. తిరిగాను.

ఈసారి మొదటి కార్డుకే, "గుడ్డు!" అని అరిచింది పిల్ల. కలం ఒక్కసారి గీకింది. నేను ఊపిరి వదిలాను.

"ఉల్లిగడ్డ." ఒక గీత.

"అంగి." కాసేపు ఆగారు. "చొక్కానేనండీ, అంగీ అంటారు కొన్నిచోట్ల," అని ఆంటీ గొణిగింది. ఒక గీత.

"చీపురుకట్ట. అమ్మమ్మ దానితోని బల్లిని కొడుతది." ఒక గీత. ఆ రెండో మాట అడగకుండానే చెప్పింది, ఇంటి సంగతి.

తర్వాతి కార్డు. "బొక్క!"

ఆంటీ కిసుక్కున నవ్వింది. ఇంగ్లిష్‌లో ఏదో అన్నది. కలం గీకింది. మళ్ళీ గీకింది.

రెండు.

"ఆగుండ్రి," అని తిరిగాను. పొడుగామె చెయ్యెత్తింది. నేను ఆగలేదు. బల్ల మీద కార్డులో కుక్కలు కొరికే తెల్లటి బొక్క, రెండు కొనల బొడిపెలతో. "ఇదేంది?"

"ఎముకండి," అంది ఆంటీ.

"పిల్ల ఏమన్నది?"

"బొక్క అందండీ. బొక్కంటే చిల్లు కదా. గోడకి బొక్క, చొక్కాకి బొక్క..."

"గోడకుండేది పొక్క. ఒంట్ల ఉండేది బొక్క. గా మాత్రం తెల్వదా?"

"మీరు ఎముక అనరా మరి?"

"ఎందుకనం? పుస్తకంల ఉంటే ఎముక. కూరల వస్తే బొక్క."

నా బిడ్డ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. "ఆంటీ, నిజమే. మేం బొక్కలనే అంటం. బొక్కలు ఇరుగుతయ్ అంటం," అన్నది. ఆంటీ ఆమెకంటే మహా అయితే ఏడెనిమిదేళ్ళు పెద్దది. అయినా ఇక్కడ అందరూ ఆంటీలే.

ఆంటీ ముఖం మాత్రం తెల్లబోయింది. కార్డు చేతిలోకి తీసుకుని చూసింది. "రెండేళ్ళ నుంచి ఇదే డబ్బా పట్టుకుని తిరుగుతున్నానండీ. ఇంకెంతమంది పిల్లలు బొక్క అన్నారో, ఎంతమందికి తప్పు పెట్టేశానో," అన్నది.

ఇది నటన అని అనుకోవడానికి ప్రయత్నించాను. కుదరలేదు. తన తప్పును తానే నలుగురి ముందు లెక్కపెట్టుకునే మనిషిని ఎంతసేపని అనుమానిస్తాం?

ఆమె అంతా ఇంగ్లిష్‌లో చెప్పింది. పొడుగామె తప్పు గుర్తును చెరపలేదు. దాని చుట్టూ సున్నా చుట్టి, పక్కన ఏదో రాసి, కింద పొట్టి సంతకం పెట్టింది.

"చెరపదా?" అన్నాను.

"చెరిపితే తర్వాత ఎవరైనా అనుమానిస్తారుటండీ."

మళ్ళీ నచ్చింది ఆమె.

మిగతా కార్డులు అయ్యేసరికి గళ్ళు నిండాయి. ఒక బొమ్మ మాత్రం పిల్లకు తెలియలేదు, నిజంగానే తెలియలేదు, దానికి రెండు గీతలు పడితే నేనేమీ అనలేదు. తర్వాత వాళ్ళు మాట్లాడుకున్నారు. ఈసారి ప్రతి మాటా చెప్పమని బిడ్డను పట్టుబట్టాను. వేరే క్లాసు మాట ఇప్పటికి లేదు. ఇంగ్లిష్ నేర్పే గది మాత్రం ఉంటుంది, వారానికి మూడుసార్లు. కొన్ని వారాలయ్యాక మళ్ళీ చూస్తారు. "ఇప్పటికి" అన్న మాటను రెండుసార్లు చెప్పించుకున్నాను.

అప్పుడు పొడుగామె కార్డుల డబ్బా నా ముందుకు జరిపింది. ప్రతి బొమ్మ వెనకా మా దిక్కు ఏమంటారో రాసిపెట్టమని అడుగుతోందట. ఆంటీ తన దిక్కు మాట తాను రాస్తుందట. ఇంకో ప్రాంతంవాళ్ళు దొరికితే వాళ్ళతోనూ రాయిస్తారట.

"అయితే నేను గూడ వనరునా?"

"మీరే అసలైన వనరండీ," అంది ఆంటీ.

పొగిడేసరికి నాకు మళ్ళీ అనుమానం వచ్చింది. "ఇది పని కిందికొస్తదా? నేను విజిట్ మీద వచ్చిన. పని చేస్తే పంపిస్తరని మా అల్లుడు చెప్పిండు."

"జీతం లేదు కదండీ, పనెలా అవుతుంది?"

"జీతం లేని పని పుట్టినప్పటి సంది చేస్తున్న. దాన్ని గూడ పనే అంటరు." అయినా కలం తీసుకున్నాను. నేను రాస్తుంటే పొడుగామె గడియారం చూడకుండా కూర్చుంది. అక్షరం అక్షరం దిగి లేచి రాశాను. 'ఉల్లిగడ్డ' దగ్గర ల వత్తు మరిచిపోయి నాలుక కరుచుకుంటే పిల్ల చూసి నవ్వింది, దానికి అక్షరాలు రాకపోయినా.

మొదట వచ్చిన కాగితం వెనక 'లాగబడుతుంది' అన్న ఆ వాక్యం కూడా మార్చమన్నాను. "మీ బిడ్డను వారానికి మూడుసార్లు పక్క గదిలో కూర్చోబెట్టి ఇంగ్లిష్ నేర్పుతాము" అని చెప్తే ఆంటీ తన ఫోనులో రాసుకుంది. ఆ తెలుగు ఎవరు రాశారని అడిగితే కంప్యూటరే రాసిందన్నది. దానికి 'బడు' అనే జబ్బుంది. తర్వాత వచ్చిన కాగితం చదివాను. లాగడం పోయింది. కిందెక్కడో ఒక 'తెలియజేయబడును' ఇంకా మిగిలే ఉంది. చూస్తున్నాను, ఎన్నాళ్ళకు తీస్తారో.

ఆ రోజు మీటింగు కాగితం మీద సంతకం పెట్టే ముందు ఇంగ్లిష్ పక్క మొత్తం చదివి చెప్పమన్నాను. ఆంటీ చదివింది, మొదటి నుంచి చివరిదాకా. నా బిడ్డ సంతకం పెట్టింది. దాని కింద నన్ను కూడా పెట్టనిచ్చారు, చోటు లేకపోయినా. కాగితాన్ని ముందూ వెనకా జిరాక్సు తీయించుకున్నాను.

కారులో నా బిడ్డ ఎర్ర లైటు దగ్గర ఆగినప్పుడు అన్నది, "ఇంకేమన్న ఒట్లు ఉన్నయా అమ్మా, నాకు తెలియనివి?"

"గేటు దాటొద్దని ఉన్నది. అది ఉండనీ," అన్నాను.

ఆ మంగళవారం ఆ గదిలో ఉన్నవాళ్ళు: నా కూతురు, జూన్‌లో పుట్టనిది. ఆమె కూతురు, ఆరేళ్ళది. నవ్వే తరగతి టీచరు. నవ్వని పొడుగామె. గుంటూరు దిక్కు ఆంటీ. గోడవైపు తిరిగి కూర్చున్న నేను. మొత్తం ఆరుగురం. ఏడో సాక్షి కూడా ఉన్నారని తర్వాత ఎవరైనా రాసి చేర్చితే నమ్మవద్దు.